గోటి పానా: బిగించడానికా, విప్పడానికా?

పానా పట్టే చేతికి పని తగ్గినప్పటి నుంచి నా నోటికి పని పెరిగింది. కామారెడ్డిలో మా వీధిలో ఎవరు కొత్తగా బైకు కొన్నా, ఎవరింట్లో బోరు మోటరు మొరాయించినా, ఎవరి కొడుకు ఐటీఐలో చేరినా ముందు మా అరుగు మీదికే వస్తారు. టీ తాగుతూ అడిగే మాట ఒకటే. "నర్సింలన్నా, ఇంటికి, బండికి పనికొచ్చేటట్టు ఒక గోటి సెట్ తీసుకుందామనుకుంటున్న. ఏది మంచిది?"

వాళ్లకు కావలసింది ఒక కంపెనీ పేరు. ఆ పేరు చెప్తే ఫోనులో కొట్టుకుని వెళ్లిపోతారు. నేను చెప్పను. నన్ను పొగరుబోతు అనుకున్నా సరే. పేరు తెలిస్తే డబ్బా కొంటారు గానీ పానా కొనరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ముఖ్యంగా ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం. నేను ఎల్లారెడ్డిలో ఒక రేకుల షెడ్డులో మొదలుపెట్టి, కామారెడ్డిలో ట్రాక్టర్ల వర్క్‌షాపులో హెడ్ మెకానిక్‌గా దిగిపోయాను. ఎప్పుడు జీతం పెరిగింది, చివరి రోజున శాలువా ఎవరు కప్పారు అన్నవి ఇక్కడ ఉండవు. ఆ శాలువా ఇప్పుడు మా ఇన్వర్టర్ మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

ఆరు మూలల ఇనుము

తెలియనివాళ్ల కోసం ముందు చెప్తాను. గోటి అంటే నట్టు తల మీద టోపీలా కూర్చునే చిన్న ఉక్కు గిన్నె. దుకాణంలో సాకెట్ అంటారు, మన షెడ్లలో గోటి. ఒకవైపు నట్టును పట్టే గుంత, రెండోవైపు హ్యాండిల్ దూరే చదరపు బెజ్జం. మామూలు పానా నట్టును రెండు పక్కల నుంచే పట్టుకుంటుంది. గోటి చుట్టూ పట్టుకుంటుంది. తేడా అంతే.

ఇంత చిన్న తేడా మీద ఎంత నడుస్తున్నదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సాయంత్రం పూట హైవే పక్కన నిలబడి లారీలను చూస్తుంటాను. ఇసుక నింపుకుని, పత్తి నింపుకుని దడదడమని పోతుంటాయి. అంత బరువూ, అంత వేగమూ చక్రానికి పట్టిన కొన్ని నట్ల మీద ఉంటుంది. లోపల డ్రైవరు పాటలు పెట్టుకుని హాయిగా పోతుంటాడు. ఆ నట్లు బిగించినవాడు ఎవడో, ఎక్కడ ఉన్నాడో ఆయనకు తెలియదు. తెలియని మనిషి చేతిని అంత నమ్ముతున్నాడంటే, అబ్బ, ఎంత పెద్ద మాట అది! మా ఆవిడ మాత్రం, లారీలు చూడడానికి పోయే ముసలాయన ఊరు మొత్తంలో మా ఇంట్లోనే ఉన్నాడని నవ్వుతుంది.

ఖాదర్ ఉస్తాద్ షెడ్డు

నాకు పని నేర్పింది ఎల్లారెడ్డిలో ఖాదర్ ఉస్తాద్. బక్కపలచటి మనిషి, గాలి వస్తే కొట్టుకుపోతాడేమో అనిపించేవాడు. షెడ్డులో నాకంటే ముందు చేరిన పోశెట్టి అనే మెకానిక్ ఉండేవాడు. పోశెట్టి దేహం చూస్తే ఎవరైనా పక్కకు తప్పుకోవాల్సిందే. ట్రాక్టరు చక్రాన్ని ఒక్కడే దొర్లించుకుంటూ పోయేవాడు.

ఒకసారి ఒక ట్రాక్టరు సైలెన్సర్ దగ్గర నట్లు తుప్పుతో అతుక్కుపోయాయి. వేడి, వాన, బురద తిన్న నట్లు. పోశెట్టి పానా వేసి, కాలు తన్ని పెట్టి, ఊపిరి బిగబట్టి లాగాడు. నట్టు కదలలేదు. దాని మూలలు మాత్రం అరిగి గుండ్రమైపోయాయి. మూలలు పోయిన నట్టు పానాకు చిక్కదు. దాన్ని ఉలితో నరికి తీయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఉస్తాద్ ఒక్క మాట తిట్టలేదు. పక్క నట్టు దగ్గర కూర్చున్నాడు. తీగల బ్రష్షుతో తుప్పు గీకాడు, కిరసనాయిలు చుక్కలు వేశాడు, టీ తాగి వచ్చాడు. తర్వాత గోటి పెట్టి, విప్పే దిక్కుకు కాదు, బిగించే దిక్కుకు మెల్లగా ఒత్తాడు. పోశెట్టి ఆగలేక, విప్పాల్సినదాన్ని బిగించుడేంది ఉస్తాద్ అని అడిగేశాడు.

"బిగుసుకున్న మనిషితోని ఎన్నడన్న మాట్లాడినవా?" అన్నాడు ఉస్తాద్. "ముందు ఆయన మాటకు అవునంటెనే మన మాట ఇంటడు. నట్టు గూడ గంతే. ముందు జర బిగియ్యి, తర్వాత ఇప్పు."

టక్కుమని చిన్న చప్పుడైంది. గోరుతో గోరు గిల్లినంత చప్పుడు. తుప్పు పగిలిందన్నమాట. ఆ తర్వాత ఉస్తాద్ రెండు వేళ్లతో హ్యాండిల్ తిప్పితే నట్టు సుతారంగా బయటికి వచ్చింది. పోశెట్టి నోరు తెరుచుకుని చూశాడు, నేనూ చూశాను. ఆనాటి నుంచి మొన్న మొన్నటి దాకా, తుప్పు నట్టు ఎదురైతే ఆ టక్కు కోసమే నా చెవి కాచుకుని ఉండేది. ముందు బిగించు, తర్వాత విప్పు. నా వృత్తి మొత్తంలో నేను ఎదురు చెప్పని సూత్రం అదొక్కటే. అది కూడా ఒకసారి నన్ను ఎక్కడ నిలబెట్టిందో చివర్లో చెప్తాను.

పన్నెండు పళ్ల మెరుపు

కామారెడ్డి వర్క్‌షాపు సేటు చెడ్డవాడు కాదు. కానీ మెరిసేది కనపడితే మనసు ఆగదు ఆయనకు. ఒకసారి పెద్ద సూట్‌కేసు లాంటి సెట్ తెచ్చాడు. తెరిస్తే కళ్లు చెదిరిపోయాయి. ఎన్ని గోటీలో, ఎన్ని ముక్కలో! అన్నీ పన్నెండు పళ్లవి. అంటే గోటి లోపల ఆరు మూలలకు బదులు పన్నెండు గాట్లు. నట్టు మీద ఎటు పెట్టినా తొందరగా కూర్చుంటుంది, అది నిజమే. కానీ అది నట్టును మూలల కొసల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. కొత్త నట్టుకు సరిపోతుంది గానీ తుప్పు నట్టు దగ్గర జారుతుంది. పైన పటారం, లోన లొటారం అని ఇలాంటి వాటికే అంటారు.

ఆ సమయంలోనే బిచ్కుంద దిక్కు నుంచి మారుతి పటేల్ అనే రైతు పాత ట్రాక్టరు తెచ్చాడు. వాళ్ల ఊళ్లో సగం మరాఠీ, సగం తెలుగు. నాట్లకు దమ్ము చేయాలి, కాలువ నీళ్లు వచ్చేశాయి, ట్రాక్టరు మాత్రం ఇంజను నూనె కారుస్తున్నది. పాత బండ్లకు నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. అంగుళంలో ఎనిమిదో వంతును మేము సూతు అంటాం. దాని నట్టు నాలుగు సూతులు, మా మెరుపు డబ్బాలో ఉన్నవన్నీ మిల్లీమీటర్లు. పదమూడు నెంబరు గోటి పెడితే కూర్చుంటుంది గానీ కొంచెం ఆడుతుంది.

ఇలాంటప్పుడు మన షెడ్లన్నింటిలో ఒక అలవాటు ఉంది. విరిగిన హాక్సా బ్లేడు ముక్కను గోటికీ నట్టుకూ మధ్య దోపి, సందు పూడ్చి తిప్పడం. దానికి సర్దుబాటు అని ముద్దు పేరు. సేటు పక్కనే నిలబడి, అంతా సర్దుకుంటది కానియ్యండి అన్నాడు. పన్నెండు పళ్ల గోటి, నప్పని నెంబరు, మధ్యలో బ్లేడు ముక్క. ఇంకేముంది, నట్టు మూలలు పోయాయి, బ్లేడు విరిగి మెకానిక్ వేలు కోసుకుంది. మారుతి పటేల్ తొందర పెట్టే మనిషి కాదు, అరుగు మీద కూర్చుని చూస్తున్నవాడు అప్పుడు నోరు విప్పాడు.

"పక్కింటోని చెప్పులేసుకుని బజారుకు పోవచ్చు అన్నా, ఉరకరాదు."

సేటు ముఖం చిన్నబోయింది. మర్నాడు నన్నే హైదరాబాదు పంపి అంగుళాల గోటీలు, ఆరు మూలలవి, తెప్పించాడు. డబ్బా లేదు, మెరుపు లేదు. గుడ్డ సంచిలో పోసి ఇచ్చారు. నేను ఉద్యోగం దిగిపోయేటప్పుడు అలాంటివే నా సొంతానికి కొన్ని కొనుక్కుని, మా ఆవిడ కుట్టిన సంచిలో వేసుకున్నాను. ఈ రోజుల్లో అన్నీ మిల్లీమీటర్ల బండ్లే కదా, ఆ పాత ఇనుము ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగేవారు. అలవాటు పోనివ్వలేదు.

కొనేటప్పుడు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ముక్కల సంఖ్య చూసి కొనకండి. వందకు పైగా ముక్కలని డబ్బా మీద రాసి ఉంటుంది. అందులో సగం స్క్రూడ్రైవర్ మొనలే. ఇంటికి, బైకుకు, కారుకు కలిపి మీ చేతికి రోజూ వచ్చేవి ఎనిమిది, పది, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది నెంబర్లు. కారు చక్రాలకు ఇరవై ఒకటి కూడా చూసుకోండి. ఈ నెంబర్లు ఆరు మూలలవి దొరికితే సెట్ మంచిదే. ఇంట్లో పాత ట్రాక్టరో, పాత పంపుసెట్టో ఉంటే అంగుళాలవి విడిగా నాలుగు తీసుకోండి. సర్దుబాటుకు మాత్రం పోకండి.

చదరపు బెజ్జం సంగతి. నాలుగు సూతులది, అంటే అర అంగుళంది, బండి పనికి మంచిది. బలం ఆపుతుంది. చిన్న చిన్న పనులకు, బైకు ఇంజను సందుల్లోకి మూడు సూతులది చేతికి హాయిగా ఉంటుంది. ఒక్కటే కొనగలిగితే నాలుగు సూతులది కొనండి, సందుల్లో కొంచెం తిట్టుకుంటే తిట్టుకుంటారు.

రాచెట్ అంటే కిరకిరమని తిరిగే హ్యాండిల్. అది పిల్లలకు మహా ఇష్టం, నాకూ ఇష్టమే. దుకాణంలో దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పండి. చప్పుడు సన్నగా, దగ్గర దగ్గరగా వస్తే పళ్లు ఎక్కువ ఉన్నట్టు. ఇరుకు చోట కొంచెం కదిలినా పని చేస్తుంది. కానీ బిగుసుకున్న నట్టును రాచెట్‌తో విప్పొద్దు. దానికి ఇనుప గొట్టం తొడిగి లాగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపలి పళ్లు రాలిపోతాయి. అందుకు పొడవాటి రాడ్ వేరే ఉంటుంది, తప్పకుండా తీసుకోండి. లోతు గుంతల్లోకి పోవడానికి పొడుగు కడ్డీ, అంటే ఎక్స్‌టెన్షన్, ఒకటి. బైకు ఉన్నవాళ్లకు స్పార్క్ ప్లగ్గు విప్పే గోటి ఒకటి.

ఇంకొక్క మాట. గోటి లోపల వేలు పెట్టి తడిమి చూడండి. మూలలు పదునుగా, సమానంగా తగలాలి. పైపూత అంచుల దగ్గర పొట్టు లేస్తుంటే అక్కడే వదిలేయండి. దుకాణదారు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. మీ నట్టు మూలలు పోతే ఆయన వచ్చి తీయడు.

చెరుకు రసం బండి

ఇదంతా రాయడానికి కారణమైన సంగతి నేను రిటైరయ్యాక జరిగింది.

ఎండాకాలం. ఎల్లారెడ్డిలో మా చెల్లె ఇంట్లో బోరు మోటరు బాగు చేయాలని కారులో సెట్ వేసుకుని పోయాను. పని అయ్యాక గొంతు ఎండిపోయి, బస్టాండు దారిలో సాయవ్వ చెరుకు రసం బండి దగ్గర ఆగాను. సాయవ్వ నాకు ముందు నుంచి తెలుసు. ఎండాకాలం రసం బండి, మిగతా రోజుల్లో బీడీలు చుట్టడం. భర్త లేడు, ముసలి అత్తకు ఆమే ఆధారం. రెక్కాడితే గాని డొక్కాడని సంసారం.

ఆమె మిషన్ ఏదో లేతు షాపులో చేయించిన పాతది, కరెంటు మోటరుతో తిరిగేది. చెరుకు గడను రెండు ఇనుప రోలర్ల మధ్య పెడితే పిండుకుంటుంది. చెరుకు పిప్పిలో అల్లం ముక్క, నిమ్మకాయ చుట్టి మళ్లీ లోపలికి తోస్తారు కదా. నా గ్లాసు కోసం అలా తోస్తుంటే అల్లం ముక్క జారింది. దాన్ని పట్టుకోబోయిన కుడి చేతి వేళ్లు రోలర్ల మధ్యకు పోయాయి.

నేను లేచేలోపు ఆమె ఎడమ చేయి చాచి స్విచ్చు ఆర్పేసింది. అరవలేదు. నాలుగు వేళ్లూ మెటికల దాకా లోపల ఉన్నాయి. ఆమె ముఖం బూడిద రంగుకు తిరిగింది, కానీ గొంతు మామూలుగానే ఉంది. కరెంటు పూర్తిగా బందైందో లేదో చూడమని నాతో అన్నది. నేను వైరు పీకేశాను.

పక్కన ఆటో నడిపే యాదగిరి పరుగెత్తుకొచ్చాడు. మంచి మనసు, తొందర చేతులు. మిషన్ చక్రం పట్టుకుని వెనక్కు తిప్పబోయాడు. నేను గట్టిగా ఆపాను. వెనక్కు తిప్పితే రోలరు గాట్లు ఆ వేళ్ల మీదుగా రెండోసారి నడుస్తాయి. మిగిలిన కండ కూడా పోతుంది. అంబులెన్సుకు ఫోన్ చేయమన్నాను. అది రావడానికి టైం పడుతుందన్నారు. వచ్చినా ఈ ఇనుమును వాళ్లేం చేస్తారు?

దారి ఒకటే. పై రోలరును రెండు చివరలా పట్టి ఉంచిన ఇనుప మూతలు ఉంటాయి. వాటి నట్లు వదులు చేస్తే రోలరు పైకి లేస్తుంది, చేయి బయటికి వస్తుంది. నట్లు లోతు గుంతల్లో ఉన్నాయి. మామూలు పానా దూరదు, కోసే మిషను అందదు, గ్యాసు మంట పెడదామంటే పక్కనే చేయి ఉంది. గోటి ఒక్కటే పోగలదు. కారులోంచి సెట్, దాంతో పాటు గుడ్డ సంచి తెచ్చాను.

మోటరు వైపు నట్లు గ్రీజు తిని వదులుగా ఉన్నాయి, ఇరవై నాలుగు గోటి కొంచెం ఆడినా సులువుగానే వచ్చాయి. చేయి ఇరుక్కున్న వైపు రెండు నట్ల మీద సంవత్సరాల తరబడి రసం కారింది. తీపి ఇనుమును ఎట్లా తింటుందో అక్కడ చూశాను. తుప్పు మీద రంగు, రంగు మీద మళ్లీ తుప్పు. స్క్రూడ్రైవర్‌తో గీకి, నూనె పోసి, ఇరవై రెండు పెడితే దూరలేదు. ఇరవై నాలుగు పెడితే గలగలమని ఆడింది. అంగుళాల నట్టు. మా ఆవిడ కుట్టిన సంచి బోర్లించి ఏడు సూతుల గోటి తీసి పెట్టాను. పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు కూర్చుంది. మారుతి పటేల్‌కు మనసులోనే దండం పెట్టాను.

ఒక నట్టు మూలిగి మూలిగి వచ్చింది. రెండోది రాలేదు. పొడుగు రాడ్ వేసి కొంచెం కొంచెంగా బలం పెంచాను. చేతికి తెలిసిపోతుంది. రసం ఆ నట్టు మూలలను తినేసి పలచన చేసింది. ఇంకాస్త లాగితే అవి గుండ్రమైపోతాయి. అవి పోతే ఇక ఏ గోటీ పట్టదు, ఆ చేయి ఎంతసేపు అట్లాగే ఉండాలో ఎవరికీ తెలియదు. నట్టు ఒక్క వెంట్రుక కదిలితే చాలు. దానికి నాకు తెలిసిన దారి ఉస్తాద్ చెప్పిందే. ముందు బిగించు, తర్వాత విప్పు.

కానీ ఈ నట్టును బిగిస్తే మూత కిందికి దిగుతుంది. రోలరు కిందికి దిగుతుంది. దాని కింద ఆమె వేళ్లు ఉన్నాయి.

నా చేయి ఆగిపోయింది. అన్నేండ్లు ఎన్ని వందల నట్లకు ఆ మాట వర్తింపజేశానో, ఒక్కదాని కింద కూడా మనిషి లేడు. యాదగిరి ఏమైందన్నా, ఏమైందన్నా అంటున్నాడు. సాయవ్వ కూడా అదే అడిగింది. దాచడం తప్పనిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రావాలంటే ఒక్క పిసరు బిగించాలి చెల్లె, బిగిస్తే నీ చేయి ఇంకా నలుగుతుంది, అది కూడా వస్తదని ఒట్టు పెట్టి చెప్పలేను అన్నాను.

ఆమె ఒక్క క్షణం నట్టు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"బిగియ్యి అన్నా. నేను ఓర్సుకుంట," అన్నది. "నా మొఖం జూడకు. నట్టును జూడు."

ఎడమ చేత్తో కొంగు తీసి పళ్ల మధ్య పెట్టుకుంది. నా జీవితంలో చాలా బలాలు చూశాను. పోశెట్టి భుజాలు చూశాను, బురదలో దిగబడ్డ లారీని లాగిన ట్రాక్టర్లను చూశాను. అంత బలం మాత్రం చూడలేదు. గోటిని గుంత అడుగు దాకా ఒత్తి పట్టుకుని, బిగించే దిక్కుకు ఒత్తాను. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం నేను రాయలేను. ఆ శబ్దం కిందనే, చాలా సన్నగా, నట్టు టక్కుమన్నది.

వెంటనే వెనక్కు లాగాను. నట్టు కదిలింది. మూలలు నిలబడ్డాయి. ఆరు మూలలూ నిలబడ్డాయి. యాదగిరి టైరు లివరుతో రోలరును ఎత్తితే ఆమె తన చేతిని తానే బయటికి తీసుకుంది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

అంబులెన్సు వచ్చి తీసుకుపోయాక నేను బండి పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. గోటి ఇంకా నా పిడికిట్లోనే ఉంది. వేడిగా ఉంది. వేలెడంత ఇనుము. దాన్ని చేసినవాడు ఎక్కడో ఉన్నాడు, ఆయనకు సాయవ్వ ఎవరో తెలియదు. ఉస్తాద్ పోయి చాలా ఏండ్లయింది. అందరూ ఆ నట్టు దగ్గరికి వచ్చి నిలబడినట్టే అనిపించింది నాకు. కండ్లలో నీళ్లు తిరిగాయి. యాదగిరి మంచినీళ్ల సీసా తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

ఎడమ దిక్కు

వేళ్లు దక్కాయి. రెండు ఎముకలు విరిగాయి, కట్టు కట్టారు. నడిమి వేలు మాత్రం ఇక వంగదు. బీడీలు చుట్టడం కష్టమేనన్నారు డాక్టర్లు. చేయి చూపించుకోవడానికి కామారెడ్డి వచ్చిన రోజు సాయవ్వ మా ఇంటికి వచ్చింది. టీ తాగి, అందరూ అడిగే ప్రశ్నే అడిగింది. తనకు ఒక గోటి సెట్ కావాలి, ఏది తీసుకోవాలి?

బజారుకు నేనే వెంట పోయాను. దుకాణదారు అలవాటు ప్రకారం మెరిసే పెద్ద డబ్బా తెరిచాడు. ఇది ఉంటే ఏ నట్టయినా గట్టిగా బిగించుకోవచ్చమ్మా అన్నాడు. సాయవ్వ ఆ డబ్బా వైపు చూడను కూడా చూడలేదు.

"బిగించుడు ఎవరైనా బిగిస్తరు," అన్నది. "నాకు ఇప్పేటిది కావాలె."

ఏడు సూతుల గోటి విడిగా అడిగింది. చూపుడు వేలు లోపల పెట్టి మూలలు తడిమింది. నాలుగైదు పక్కన పెట్టేసి ఒకటి తీసుకుంది. పొడుగు కడ్డీ ఒకటి, రాడ్ ఒకటి తీసుకుంది. అంతే. నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని పడలేదు.

ఈ ఎండాకాలం మళ్లీ చెల్లె ఇంటికి పోతూ ఆమె బండి దగ్గర ఆగాను. మిషన్ అదే. రోలర్ల ముందు అడ్డంగా రేకు కట్టించింది. అల్లం ముక్కను ఇప్పుడు చెక్క పుల్లతో తోస్తున్నది. పొద్దున బండి తెరవగానే నట్లన్నీ ఒకసారి విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్లీ పెడుతుందట. అందుకేనేమో అవి కొత్తవాటిలా మెరుస్తున్నాయి. గోటి, కడ్డీ, రాడ్ మూడూ ఒకదానికొకటి తగిలించి, మిషన్‌కు తాడుతో వేలాడదీసింది. ఎడమ దిక్కున, స్విచ్చు పక్కనే.

ఆమె కుడి చేతివాటం మనిషి. పనిముట్టు కుడి వైపు ఉంటే చేతికి అందుతుంది కదా, అటెందుకు కట్టినవ్ చెల్లె అని అడిగాను.

సాయవ్వ గ్లాసు కడుగుతూనే చెప్పింది. "కుడి చెయ్యి లోపల ఉంటే అందేది ఎడమ చెయ్యే గద అన్నా."

అని, గ్లాసు పక్కన పెట్టి, ఎడమ చేత్తో గోటి అందుకుని గుంతలోకి దించి, నట్టును ఒక్క చుట్టు విప్పి చూపించింది. ఎవరి సాయమూ లేకుండా. తర్వాత మళ్లీ బిగించి, గోటిని తాడుకు వదిలేసి, నా కోసం చెరుకు గడ తీసింది.